దక్కన్ తివాచీ: కోరి నేయించే చేనేత తివాచీల రూపకల్పన

ఒక నిర్దిష్టమైన గది కోసం, దాని కొలతలు, వెలుతురు, సామాను, వాడకం చూసుకుని ప్రత్యేకంగా గీయించి చేత్తో నేయించుకునే నేల పరుపును కోరి నేయించిన తివాచీ అంటారు. అంగట్లో సిద్ధంగా దొరికే తివాచీకీ దీనికీ తేడా నేతలో కన్నా నేతకు ముందు జరిగే పనిలోనే ఎక్కువ. సిద్ధపు తివాచీని గదిలో ఎక్కడో సర్దుకుంటాం. కోరి నేయించేదానికి గదే మొదటి కొలత. తెలుగు ప్రాంతంలో ఈ పనికి మూడు పాత కేంద్రాలు ఉన్నాయి: మచిలీపట్నం, ఏలూరు, వరంగల్. వీటిలో మొదటిది అంతరించింది, రెండోది సన్నగిల్లింది, మూడోది ముడి తివాచీ నుంచి నూలు దర్రీకి మళ్ళి నిలిచింది. నిజాం కాలపు రైలు మార్గం వేసిన తర్వాత ఈ సరుకుకు సికింద్రాబాద్, అందులోని లాలాగూడ వంటి రైల్వే పేటలు దారిలోని ఊళ్ళయ్యాయి.

పరిధి, పదజాలం

తెలుగులో తివాచీ, రత్నకంబళి, ఖాలీన్, గలీచా అనే మాటలు సాధారణంగా ముడులు వేసి నేసిన, పైన కుచ్చు ఉండే ఉన్ని లేదా పట్టు పరుపుకు వాడతారు. కుచ్చు లేకుండా పడుగు, పేకలతోనే బిగువుగా నేసిన నూలు పరుపు దర్రీ. దీన్నే షత్రంజీ అనీ, జంపఖానా అనీ అంటారు. పెళ్ళి పందిట్లో, భజన మందిరంలో, సభలో జనం కూర్చోవడానికి పరిచేది జంపఖానాయే. గొర్రెల కాపర్లు కప్పుకునే గొంగడి ఈ పరిధిలోకి రాదు కానీ, దక్కనీ గొర్రె ఉన్ని విషయంలో దాని ప్రస్తావన అవసరం (చూ. ముడిసరుకు).

చరిత్ర: రేవు నుంచి రైలు దాకా

అక్బరు ఆగ్రా, ఫతేపూర్, లాహోర్‌లలో తివాచీ కార్ఖానాలు నడిపించినట్లు అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో రాశాడు. దక్కన్ నేత ఆ దర్బారీ సంప్రదాయానికి సమాంతరంగా సాగింది. డచ్చి వర్తకులు 1605లోనూ, ఇంగ్లీషు వారు 1611లోనూ మచిలీపట్నంలో దిగాక కోరమండల్ తీరం నుంచి కలంకారీ గుడ్డలతో పాటు తివాచీలు కూడా ఓడలెక్కాయి. వీటి జాడ ఊహించని చోట దొరికింది. జపాన్‌లోని క్యోటో నగరంలో ఏటా జరిగే గియోన్ ఉత్సవంలో రథాలకు అలంకారంగా వేలాడదీసే పాత తివాచీలలో కొన్నింటిని దక్కన్‌లో నేసినవిగా పరిశోధకులు గుర్తించారు. రథాల పక్కల మీద వేలాడుతూ ఉండడం వల్ల వాటి మీద కాళ్ళు పడలేదు. అందుకే స్వదేశంలో మిగలని నమూనాలు అక్కడ మిగిలాయి.

భారతదేశంలో పేరు చెప్పి నేయించుకున్న తివాచీలకు పాత సాక్ష్యాలు లాహోర్‌వి. లండన్‌లోని గర్డ్‌లర్స్ వర్తక సంఘానికి ఆ సంఘం పెద్ద రాబర్ట్ బెల్ 1634లో బహూకరించిన తివాచీలో ఆ సంఘం చిహ్నమే నేతలో ఉంది. సుమారు 1640 నాటి ఫ్రెమ్లిన్ తివాచీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం ఫ్రెమ్లిన్ వంశ చిహ్నం కనిపిస్తుంది. ఇది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో ఐరోపా ఇళ్ళలో తివాచీని నేల మీద కన్నా బల్ల మీద పరచడమే ఎక్కువ. అందుచేత బల్ల కొలతే తివాచీ కొలత అయ్యేది.

ఏలూరు: ఇరాన్ నుంచి వలస వచ్చిన ముస్లిం నేత కుటుంబాలు ఇక్కడ స్థిరపడి ఉన్ని తివాచీ నేతను మొదలుపెట్టాయని సంప్రదాయ కథనం. పట్టణాన్ని ఆనుకుని ఉన్న తంగెళ్లమూడి ఈ పనికి నెలవు. ఏలూరు నమూనాల పేర్లు ఈ వ్యాస విషయానికి నేరుగా సంబంధించినవి. హాషిం ఖానీ, రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ, రెడ్డి ఖానీ, మహబూబ్ ఖానీ, నవాబ్ ఖానీ వంటి పేర్లలో చాలావరకు మనుషులవో, వారి హోదాలవో. పువ్వు పేరో, ఊరి పేరో పెట్టే చోట ఏలూరు వారు పోషకుడి పేరు నమూనాకు పెట్టారనుకోవడానికి ఇది ఆధారం. ఒకరి కోసం గీసిన నక్షా (నమూనా గీత) తర్వాత అందరి సొత్తై, పేరు మాత్రం మొదటి ఇంటిదిగానే మిగిలిందన్నమాట. ఈ సరుకు లండన్ వర్తకుల ద్వారా పడమటి దేశాలకు విస్తారంగా ఎగుమతి అయింది. దక్షిణ భారత తివాచీ పరిశ్రమపై హెన్రీ టి. హారిస్ రాసిన నివేదికను మద్రాసు ప్రభుత్వం 1908లో ప్రచురించింది.

వరంగల్: 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్ళిన వరంగల్ పట్టు తివాచీలు ఆనాటి విమర్శకుల దృష్టిలో పడ్డాయి. చదరపు అడుగుకు సుమారు 12,000 ముడులున్నాయని వాటి గురించి రాశారు. చదరపు అంగుళానికి 83 ముడులన్నమాట. ఉన్నితో ఇది మధ్యరకం లెక్కే. పట్టుతో, రంగుల పొందికతో కలిసినప్పుడు దానికి ఆ పేరు వచ్చింది.

రైలు: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే మార్గం వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో, అక్కడి నుంచి వరంగల్‌కు 1886లో, బెజవాడకు 1889లో చేరింది. దీంతో వరంగల్ సరుకు సికింద్రాబాద్ కంటోన్మెంటుకూ, హైదరాబాద్ దేవిడీలకూ బండ్ల మీద కాకుండా రైల్లో రావడం మొదలైంది. ఆ రైల్వేకే 1893లో లాలాగూడలో పెట్టెల వర్క్‌షాప్ ఏర్పడింది. చుట్టూ అధికారుల బంగ్లాలు, సిబ్బంది క్వార్టర్లు వెలిశాయి. సరిగ్గా ఆ ఏడాదే, పైన చెప్పిన లండన్ మ్యూజియం రూపకర్త విలియం మారిస్ సలహా మీద ఇరాన్‌కు చెందిన అర్దబీల్ తివాచీని కొన్నది. ఐరోపా కొనుగోలుదారులకు పాత తూర్పు తివాచీ మీద మోజు పెరిగిందీ, కొత్త తూర్పు తివాచీ నాణ్యత దిగజారిందీ ఒకే కాలంలో.

దిగజారుడుకు కారణాలు మూడు. 1856 తర్వాత వచ్చిన కృత్రిమ రంగులు చౌకగా దొరికి, త్వరగా వెలిసిపోయాయి. ఆ కాలపు అద్దకపు పనివారికి వాటిని నిలబెట్టే పద్ధతి తెలియదు. రెండోది, దేశమంతటా జైళ్ళలో ఖైదీలతో నేయించిన తివాచీలు కూలి లేని ధరకు అమ్ముడై బయటి నేతగాళ్ళను దెబ్బతీశాయి. మూడోది, లండన్ వర్తకులు తమ నమూనాలు తామే పంపి, ధర తగ్గించి, ముడుల లెక్క కూడా తగ్గించమన్నారు. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో వెలువడిన ‘ది ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా’లో మచిలీపట్నం తివాచీ ఇంగ్లీషు గిరాకీ వల్లే చెడిందని ఫిర్యాదు చేశాడు. కోరి నేయించడం ఎప్పుడూ నాణ్యతకు హామీ కాదని ఈ చరిత్ర చెబుతుంది. కోరినవాడికి ఏం కోరాలో తెలిసి ఉండాలి.

ఇరవయ్యో శతాబ్దంలో వరంగల్ నేతగాళ్ళు ఎక్కువగా నూలు దర్రీల వైపు మళ్ళారు. కొత్తవాడ ఈ పనికి ప్రసిద్ధి. చారలు, జామెట్రీ ఆకారాలు, ముడికట్టు అద్దకం, కలంకారీ అచ్చు వేసిన దర్రీలు ఇక్కడి ప్రత్యేకత. ప్రభుత్వ వసతి గృహాలకు సరఫరా అయ్యే దర్రీలు సహకార సంఘాల మగ్గాలకు పని కల్పించాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

రకాలు

చేతిముడి తివాచీ: నిలువు మగ్గం మీద ఒక్కొక్క ముడిని పడుగు పోగుల జంటకు చుట్టి కోసి, ప్రతి వరుస తర్వాత పేక పోగు దూర్చి పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో కొట్టి బిగిస్తారు. ముడి రెండు రకాలు. ఇరానీ ముడిలో పోగు ఒక పడుగును పూర్తిగా చుట్టి రెండోదాని కిందనుంచి దూరుతుంది. టర్కీ ముడిలో రెండు పడుగులనూ చుట్టుకుంటుంది. భారతదేశంలో మొదటిదే వాడుకలో ఉంది. వంపు గీతలకు అది అనువు.

దర్రీ: కుచ్చు ఉండదు, రెండు వైపులా ఒకే నమూనా. పంజాతో బిగించి నేసేదాన్ని పంజా దర్రీ అంటారు. రంగు మారే చోట పక్క పోగులను ఒకదానితో ఒకటి కొక్కెం వేసినట్టు ముడిపెడితే సందు పడదు. లేకపోతే ఆ చోట చిన్న చీలిక మిగులుతుంది.

చేతి తుపాకి తివాచీ: చట్రానికి బిగించిన గుడ్డలోకి చేతి యంత్రంతో ఉన్నిని గుచ్చి, వెనుక రబ్బరు పాలు పూసి మరో గుడ్డ అంటిస్తారు. నెలల పని రోజుల్లో అవుతుంది. ఏ ఆకారమైనా గీయవచ్చు. అయితే ఆ రబ్బరు కొన్నేళ్ళకు పెళుసుబారి పొడిగా రాలుతుంది. దీన్ని చేతిముడిగా చెప్పి అమ్మడం అరుదు కాదు. వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. చేతిముడికి వెనుక వైపు కూడా నమూనా ముడిముడిగా కనిపిస్తుంది, చివరి జాలరు పడుగు పోగులకే కొనసాగింపు. తుపాకి తివాచీకి వెనుక గుడ్డ ఉంటుంది, జాలరు కుట్టి ఉంటుంది.

రూపకల్పన: గది నుంచి నక్షా దాకా

రూపకర్త మొదటి పని టేపు పట్టుకుని గదిలోకి వెళ్ళడం. గోడ నుంచి గోడకు కొలత చాలదు. తలుపు ఎటు తెరుచుకుంటుంది, తలుపు అంచుకూ నేలకూ మధ్య సందు ఎంత, గుమ్మం ఎత్తెంత, ఎండ ఏ కిటికీ నుంచి ఏ వేళ పడుతుంది, సోఫా కాళ్ళు ఎక్కడ ఆనుతాయి అన్నవన్నీ రాసుకోవాలి. అరంగుళం కుచ్చు ఉన్న తివాచీ పరిచాక తలుపు రాసుకుపోతే తప్పు నేతగాడిది కాదు. వంకర గదికీ, మెట్లకీ గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, కత్తిరించి, అచ్చు తీసుకోవడమే నమ్మకమైన పద్ధతి.

గది చుట్టూ ఎంత నేల వదలాలన్నది తర్వాతి నిర్ణయం. సాధారణంగా అడుగు నుంచి అడుగున్నర వదులుతారు. భోజనాల బల్ల కింద పరిచేదైతే బల్ల అంచు దాటి నాలుగు వైపులా కనీసం రెండడుగులు ఉండాలి. లేకపోతే కుర్చీ వెనక్కి జరిపినప్పుడు వెనుక కాళ్ళు తివాచీ దాటి దిగిపోతాయి. తెలుగు ఇళ్ళకు మరో రెండు లెక్కలున్నాయి. చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు కనుక తివాచీ వట్టి కాళ్ళకు తగులుతుంది, మెత్తదనం ముఖ్యం. నేలను నీళ్ళతో తుడుస్తారు కనుక తివాచీ అంచు రోజూ తడిసే చోట ఉండకూడదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఉన్ని తివాచీ మీద కూర్చోవడం కష్టం. చాలా ఇళ్ళలో ఆ రెండు నెలలు దాన్ని చుట్టి పక్కన పెట్టి దర్రీ పరుస్తారు. ఇది తెలిసిన రూపకర్త మొదటే జతగా ఒక దర్రీ కూడా గీస్తాడు.

లాలాగూడలో పాత రైల్వే బంగ్లా ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. హాలు 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, నేల బూడిదరంగు షాబాద్ బండ, పైకప్పు ఎత్తు, వరండా వైపు నుంచి మాత్రమే వెలుతురు అనుకుందాం. చుట్టూ అడుగున్నర వదిలితే తివాచీ 15 అడుగులు, 11 అడుగులు. ఎత్తైన కప్పు, మసక వెలుతురు ఉన్న చోట సన్నని గీతల నమూనా కనిపించదు. పెద్ద ఆకారాలు, లేత నేపథ్యం కావాలి. షాబాద్ బండ చల్లని బూడిద. దాని పక్కన నీలి అంచు పెడితే గది మరింత చీకటి పడుతుంది. మంజిష్ఠ ఎరుపో, ఇటుక రంగో అంచుగా వస్తే నేలా తివాచీ విడివిడిగా నిలుస్తాయి.

తర్వాత నక్షా. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో ముడి. అంగుళానికి అడ్డంగా 9, నిలువుగా 9 ముడులు నిర్ణయించుకుంటే, పై తివాచీకి అడ్డంగా 1,188 గళ్ళు, నిలువుగా 1,620 గళ్ళు. మొత్తం 19,24,560 ముడులు. నమూనా నాలుగు వైపులా సమానంగా ఉండేదైతే పావు భాగం, అంటే 594కు 810 గళ్ళు గీస్తే చాలు. మిగతా మూడు భాగాలకు నేతగాడు అదే కాగితాన్ని తిప్పి చదువుకుంటాడు. నట్టనడుమ ఒక్క ముడి గీత కావాలంటే మొత్తం బేసి సంఖ్య కావాలి. దానికోసం ఒక పడుగు జంట కలుపుతారు.

ఈ దశలోనే ఎన్నో నక్షాలు పాడవుతాయి. కాగితం మీద గీసిన వంపు అంగుళానికి తొమ్మిది ముడుల్లో మెట్లుమెట్లుగా మారుతుంది. ఒక్క ముడి మందం గీత సుమారు మూడు మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నగా గీయలేం. తీగ మెలికను ఎక్కడ మెట్టు వేసి తిప్పాలో తెలిసినవాడే నక్షా గీతగాడు. మరో పరీక్ష మూల. నిలువు అంచులో వచ్చే పువ్వు, అడ్డం అంచులో వచ్చే పువ్వు మూలలో సగం సగం తెగిపోకుండా కలవాలి. అంచు పొడవు పువ్వు కొలతకు నిశ్శేషంగా భాగం పోకపోతే పువ్వును కాస్త సాగదీస్తారు, లేదా మూలలో వేరే పతకం పెడతారు. అనుభవం ఉన్న కొనుగోలుదారు తివాచీని మొదట మూలలోనే చూస్తాడు.

నక్షా ఆమోదం పొందాక రంగుల ఎంపిక. పెట్టెలో చిన్న ఉన్ని కుచ్చులు వందలు ఉంటాయి. వాటిని ఆ గదిలోనే, పగటి వెలుగులోనూ, రాత్రి దీపం కిందా చూడాలి. ఆపైన అడుగు చదరపు నమూనా ముక్క నేయించి, కడిగించి, అదే గదిలో నేల మీద పెట్టి చూస్తారు. కడిగిన ముక్కకూ కడగని ముక్కకూ రంగులో తేడా వస్తుంది. కడగనిదాన్ని చూసి ఒప్పుకోవడం తర్వాత తగువులకు దారి. కుచ్చు ఎటు వాలుతుందన్నది కూడా ముందే తేల్చాలి. ఒక వైపు నుంచి చూస్తే అదే తివాచీ లేతగా, ఎదుటి వైపు నుంచి ముదురుగా కనిపిస్తుంది. అందుకే గుమ్మంలో నిలబడిన అతిథికి ఏ వైపు కనిపించాలో నక్షా మీదే బాణం గుర్తు వేస్తారు.

కశ్మీర్‌లో నక్షాను తాలీమ్ అనే సంకేత లిపిలో రాసి, ఒకరు రంగులు చదువుతుంటే మిగతావారు ముడులు వేయడం ఆచారం. ఇప్పుడు దేశమంతటా కంప్యూటర్‌లో గీసి, గడికో రంగు చొప్పున అచ్చు తీసిన కాగితం మగ్గానికి వస్తోంది. దీనివల్ల లెక్క తప్పదు. కానీ నక్షా గీతగాడి కన్ను లేకుండా ఫొటోను నేరుగా గళ్ళలోకి మార్చినప్పుడు వచ్చే తివాచీ దూరం నుంచి చూస్తే బాగున్నా, దగ్గరకు వెళితే రంగు మచ్చల గుంపుగా కనిపిస్తుంది.

ముడుల లెక్క, కాలం, ధర

ముడులు ఎక్కువైతే గీత సన్నబడుతుంది, పని పెరుగుతుంది, ధర పెరుగుతుంది. ఒక నేతగాడు రోజుకు సుమారు 6,000 ముడులు వేస్తాడని లెక్కిస్తే, పై ఉదాహరణలోని తివాచీకి దాదాపు 320 మనిషి దినాలు. 11 అడుగుల మగ్గం మీద నలుగురు పక్కపక్కన కూర్చుంటే 80 రోజులు. అదే కొలతకు చదరపు అంగుళానికి 120 ముడులు కావాలంటే 28,51,200 ముడులు, నలుగురికి దాదాపు 119 రోజులు. నక్షాకూ, అద్దకానికీ, కడగడానికీ పట్టే వారాలు వీటికి అదనం. నలుగురి బదులు ఎనిమిది మందిని కూర్చోబెట్టి త్వరగా ముగించడం కుదరదు. ఒక్కొక్కరికి మగ్గం మీద రెండున్నర, మూడడుగుల చోటు కావాలి. నలుగురి చేతి బిగువు ఒకటిగా లేకపోయినా తివాచీ ఒక వైపు వంకరపోతుంది.

ముడుల సంఖ్యే నాణ్యత అనుకోవడం అంగడి మాట. అర్దబీల్ తివాచీలో చదరపు అంగుళానికి సుమారు 340 ముడులున్నాయి, నిజమే. కానీ గరుకు ఉన్నితో, పెద్ద ఆకారాలతో ఉండే నమూనాకు 60, 80 ముడులే సరైనవి.

ముడిసరుకు

పడుగుకూ పేకకూ నూలు, ముడికి ఉన్ని. ఇదే ఎక్కువగా కనిపించే కలయిక. తెలంగాణ, రాయలసీమల్లో మేసే దక్కనీ గొర్రె ఉన్ని గరుకు, పొట్టి పోగు, ఎక్కువగా నలుపు. గొంగడికి అది దిట్టం, వాన ఆపుతుంది. లేత రంగుల అద్దకానికి, మెత్తని కుచ్చుకు పనికిరాదు. అందుకని తివాచీ ఉన్ని బికనీర్ నుంచో, న్యూజిలాండ్ నుంచో తెప్పించి కలుపుతారు. పట్టును పూర్తిగా వాడితే తివాచీ నడకకు ఆగదు. పువ్వుల అంచులకు మెరుపు కోసం వాడడం మేలు. ఈ రోజుల్లో వెదురు పట్టు, అరటి పట్టు అనే పేర్లతో వచ్చే విస్కోసు మెరుస్తుంది కానీ నీరు పడితే మచ్చ పోదు.

పాత అద్దకంలో నీలికి నీలిమందు, ఎరుపుకు మంజిష్ఠ, కోరమండల్ తీరంలో చిరివేరు, పసుపు ఛాయలకు దానిమ్మ తొక్క, కరక్కాయ వాడేవారు. ఒక తొట్టికీ మరో తొట్టికీ ఛాయ కాస్త మారి, తివాచీలో ఒకే రంగు పట్టీలుగా లేతబడడం కనిపిస్తుంది. పాతవాటిలో దాన్ని అందంగా భావిస్తారు. కోరి నేయించేవాటిలో మాత్రం ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే కొన్నవారికి అది లోపంగా తోస్తుంది. నేటి కృత్రిమ రంగుల్లో మంచివి ఎండకూ నీళ్ళకూ నిలుస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు చెడ్డ పేరు వాటికి వర్తించదు.

మగ్గం మీద, మగ్గం దిగాక

నిలువు మగ్గానికి పైన ఒక దూలం, కింద ఒక దూలం. పడుగు వాటి మధ్య బిగిస్తారు. నేతగాళ్ళు కింది నుంచి పైకి నేస్తూ, నేసిన భాగాన్ని కింది దూలానికి చుడతారు. ప్రతి ముడినీ కొక్కెపు కత్తితో కోస్తారు. కోసిన పోగు ముక్కలు ఒళ్ళో పడుతుంటాయి. వరుస పూర్తయ్యాక పంజాతో కొట్టే చప్పుడే తివాచీ ఇంటికి గుర్తు.

మగ్గం దిగిన తివాచీ మురికిగా, గజిబిజిగా ఉంటుంది. దాన్ని నేల మీద పరిచి, నీళ్ళు పోస్తూ చెక్క పారతో కుచ్చు వాలిన దిక్కున నూకుతూ కడుగుతారు. తడి దశలోనే మేకులు కొట్టి లాగి కొలతకు తెస్తారు. ఎండాక కత్తెరతో కుచ్చును ఒకే ఎత్తుకు కత్తిరిస్తారు. పువ్వు చుట్టూ లోతుగా కత్తిరించి ఉబ్బెత్తు తేవడాన్ని గుల్‌తరాష్ అంటారు. ఇది చేయి వణికితే పాడయ్యే పని. ముడి వేసేవారి కన్నా ఈ పనివారు తక్కువమంది.

గది మగ్గం కన్నా పెద్దదైతే తివాచీని భాగాలుగా నేసి కలుపుతారు. అతుకు అంచులో, ముదురు రంగు గీత మీద వచ్చేలా నక్షా దశలోనే ఏర్పాటు చేయాలి.

ప్రసిద్ధ భవనాల తివాచీలు

రాష్ట్రపతి భవన్ అశోకా హాలు 32 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. దానికి తగిన తివాచీ నేయడానికి 500 మంది నేతగాళ్ళకు రెండేళ్ళు పట్టిందని చెబుతారు.

2023లో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనం ఈ కోవలో ఇటీవలి పెద్ద ఉదాహరణ. లోక్‌సభకు నెమలి, రాజ్యసభకు తామర ఆధారంగా నమూనాలు తయారయ్యాయి. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మీర్జాపూర్ ప్రాంతాల్లో ఒబీటీ సంస్థ తరఫున సుమారు 900 మంది పనివారు వీటిని నేశారు. రెండు సభలకు కలిపి దాదాపు 35,000 చదరపు అడుగులు. చదరపు అంగుళానికి 120 ముడులు, మొత్తం 60 కోట్లకు పైగా ముడులు. అర్ధచంద్రాకారపు సభలు కనుక లోక్‌సభకు 158, రాజ్యసభకు 156 ముక్కలు నేసి, ఒకే తివాచీగా కనిపించేలా కలిపారు. ఇంత పెద్ద హాల్లో ముక్కల మధ్య రంగు తేడా రాకుండా ఉన్నిని ముందే మొత్తంగా అద్దించి పెట్టుకోవడం అసలు కష్టం.

భవనాలే కాదు, పెద్ద అధికారుల ప్రయాణపు పెట్టె అయిన రైలు సెలూన్ కూడా ఒక గదే. భారత బ్రాడ్‌గేజ్ పెట్టె వెడల్పు మూడుంబావు మీటర్లకు మించదు. గోడల మందం, పక్కన నడవ పోతే లోపల మిగిలేది ఇరుకైన పొడవు పట్టీ. పైగా కుదుపు ఉంటుంది, తివాచీ జారకుండా అంచుల్లో బిగించాలి. బోగీ మరమ్మతులో నేల పలకలు తీయాల్సి వస్తుంది కనుక ఒకే పెద్ద ముక్క కన్నా రెండు, మూడు ముక్కలు అనుకూలం.

శ్రమ, చట్టం

తివాచీ నేతలో బాలకార్మికత దీర్ఘకాలంగా విమర్శకు గురైంది. చిన్న వేళ్ళయితేనే సన్నని ముడి పడుతుందన్న వాదన వ్యాపారులు ప్రచారం చేసినదే. నిపుణులైన పెద్దలే అత్యంత సన్నని తివాచీలు నేశారు. 1986 బాలకార్మిక చట్టం తివాచీ నేతను నిషిద్ధ పనుల జాబితాలో చేర్చింది. పిల్లలతో నేయించలేదని ధ్రువీకరించే రగ్‌మార్క్ గుర్తు 1994లో మొదలై, తర్వాత గుడ్‌వీవ్‌గా మారింది. ఎగుమతి వ్యవహారాలకు కార్పెట్ ఎగుమతి ప్రోత్సాహక మండలి 1982లో ఏర్పడింది. సాంకేతిక విద్యకు భదోహీలో భారత కార్పెట్ టెక్నాలజీ సంస్థ ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి ఇబ్బంది గిరాకీ లేకపోవడం కాదు. హైదరాబాద్, విజయవాడల్లో హోటళ్ళు, ఇళ్ళు తివాచీలు కొంటూనే ఉన్నాయి. అవి ఎక్కువగా భదోహీ, జైపూర్, కశ్మీర్ నుంచి వస్తున్నాయి. వరంగల్ దర్రీ మాత్రం ఈ పోటీకి బయట ఉంది. ధర తక్కువ, ఉతకవచ్చు, వేసవికి పనికివస్తుంది, కోరిన కొలతకు, కోరిన రంగులకు కొద్ది వారాల్లో నేయించుకోవచ్చు. ఏలూరు ఉన్ని నేతకు ఈ వెసులుబాటు లేదు. నేతగాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళడంతో అక్కడ మగ్గాల సంఖ్య తగ్గింది.

సంరక్షణ

కుచ్చు వాలిన దిక్కుకే దుమ్ము లాగాలి. ఏడాదికి రెండుసార్లు తివాచీని సగం తిప్పి పరిస్తే నడకకు అరగడం, ఎండకు వెలిసిపోవడం రెండూ సమానంగా ఉంటాయి. కాఫీ ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. వానాకాలంలో చుట్టి దాచిన తివాచీకి చిమ్మెట పురుగు పట్టకుండా మధ్యలో ఎండు వేపాకు పెట్టడం ఇళ్ళలో ఆనవాయితీ. అంతకు ముందు దాన్ని వెనక్కి తిప్పి ఎండలో ఆరబెట్టాలి. ఎప్పుడూ మడతపెట్టకూడదు. కుచ్చు లోపలికి వచ్చేలా, అది వాలిన దిక్కుకే చుట్టాలి.